విందుకు ముందు ఉపవాసం

నవంబరు మాసంలో నాలుగవ గురువారం అమెరికా దేశమంతటా థాంక్స్‌గివింగ్ పండుగ. ఆ పండుగకు వంటిల్లు ఎలా సిద్ధం కావాలో చెప్పేవారికి కొదువ లేదు. టర్కీ కోడిని ఎన్ని గంటలు ఉప్పునీటిలో నానబెట్టాలో, గుమ్మడికాయతో తీపివంట ఎలా చేయాలో ఎవరిని అడిగినా చెబుతారు. కాని హృదయం ఎలా సిద్ధం కావాలి? క్రైస్తవ కుటుంబాలలో ఈ ప్రశ్నకు సాధారణంగా దొరికే జవాబు ఒకటే. దేవుడు చేసిన మేళ్ళను ఒక్కొక్కటిగా తలచుకోవాలి అంటారు. జవాబు మంచిదే. అయితే ఈ పండుగ పుట్టిన ఇంట, అంటే పదిహేడవ శతాబ్దపు న్యూ ఇంగ్లండు ప్యూరిటన్ సంఘాలలో, కృతజ్ఞతా దినానికి ఒక తోబుట్టువు ఉండేది. దాని పేరు ఉపవాస దినం. ఆ రెండింటినీ కలిపి చూస్తే తప్ప ఏ ఒక్కటీ అర్థం కాదు. ఆ తోబుట్టువు కథేమిటో, అది కనుమరుగయినప్పుడు పండుగలోంచి ఏది జారిపోయిందో చెప్పాలని ఈ వ్యాసం.

ప్యూరిటన్లకు పంచాంగంలో ముందే రాసిపెట్టిన పండుగల మీద నమ్మకం లేదు. ఆదివారం తప్ప తక్కిన పర్వదినాలన్నీ మనుషులు కల్పించుకున్నవేనని వారి వాదన. మసాచుసెట్స్ బే వలస ప్రభుత్వం 1659లో క్రిస్మస్ ఆచరణను నిషేధించి, ఆచరించినవారికి ఐదు షిల్లింగుల జరిమానా విధించింది. ఆ చట్టం 1681 దాకా అమలులో ఉంది. మరి దేవుని ఎదుట ఒక జాతి మొత్తం నిలబడే రోజు అక్కరలేదా? ఉందని వారే ఒప్పుకున్నారు. కాని ఆ రోజును నిర్ణయించేది పంచాంగం కాదు, సంఘటన. కరువో, తెగులో, యుద్ధమో వస్తే అది దేవుడు మందలిస్తున్నాడనడానికి గుర్తు. అప్పుడు ఉపవాస దినం ప్రకటించేవారు. పనులు మాని, అన్నం మాని, గుడిలో గంటల తరబడి తమ పాపాలను ఒప్పుకొనేవారు. ఆ ఆపద తొలగిపోతే కృతజ్ఞతా దినం ప్రకటించేవారు. ఆ రోజు కూడా ముందు ఆరాధన, తరువాతే భోజనం. క్రమంగా ఇవి రుతువులకు అంటుకున్నాయి. విత్తనాలు వేసే వసంతంలో ఉపవాసం, పంట ఇల్లు చేరిన శరత్కాలంలో కృతజ్ఞత. ఒకటి ఊపిరి పీల్చడం అయితే మరొకటి ఊపిరి విడవడం.

ఈ నేపథ్యంలో 1621 నాటి ప్రసిద్ధమైన విందును చూద్దాం. మేఫ్లవర్ ఓడలో 102 మంది ప్రయాణికులు 1620 నవంబరులో కేప్ కాడ్ తీరానికి చేరి, డిసెంబరులో ప్లిమత్ వద్ద దిగారు. ఆ మొదటి చలికాలంలోనే వారిలో దాదాపు సగంమంది జబ్బులతో, చలితో, పోషణ లేక మరణించారు. మరుసటి శరత్కాలం నాటికి పెళ్ళయిన స్త్రీలలో నలుగురే మిగిలారు. విందుకు వంట చేసినవారు ఆ నలుగురూ, వారికి సాయం చేసిన ఆడపిల్లలూ, పనివారూ అనుకోవాలి. చనిపోయినవారిని సముద్రపు ఒడ్డున కోల్స్ హిల్ అనే గుట్ట మీద పూడ్చారని అక్కడి సంప్రదాయం. ఆ గుట్టను గుర్తుపెట్టుకోమని చదువరులకు మనవి. మళ్ళీ అక్కడికి రావలసి ఉంది.

వారు దిగిన చోటు అడవి కాదు, ఒక ఊరు. వాంపనోవాగ్ ప్రజలు దానిని పటుక్సెట్ అనేవారు. 1616 నుండి 1619 వరకు ఆ తీరమంతటా యూరప్ ఓడల వెంట వచ్చిన ఒక మహమ్మారి ప్రబలి పటుక్సెట్‌ను తుడిచిపెట్టింది. వలస వచ్చినవారికి దున్ని సిద్ధంగా ఉన్న పొలాలు దొరికాయి. దున్నినవారు లేరు. ఆ ఊరివాడొకడు మాత్రం బతికి ఉన్నాడు. టిస్క్వాంటం అతని పేరు, పాఠ్యపుస్తకాలలో స్క్వాంటో. 1614లో థామస్ హంట్ అనే ఓడ నాయకుడు అతనిని మోసంతో పట్టుకుపోయి స్పెయిన్ దేశంలో బానిసగా అమ్మజూశాడు. అక్కడి నుండి ఇంగ్లండు చేరి, భాష నేర్చి, 1619లో స్వదేశానికి తిరిగివస్తే ఇల్లు లేదు, ఊరు లేదు, అయినవారు ఎవరూ లేరు. అటువంటి మనిషి తన తల్లిదండ్రుల పొలాలలో పరాయివారికి మొక్కజొన్న నాటడం నేర్పాడు. గింజతోపాటు చేపను పూడ్చి నేలకు బలమివ్వడం చూపించాడు. ఆ సంవత్సరం ఇరవై ఎకరాల మొక్కజొన్న పండింది. ఇంగ్లండు నుండి తెచ్చిన బఠాణీ ఎండిపోయింది.

విందును గురించి అప్పటివారు రాసినది చాలా స్వల్పం. ఎడ్వర్డ్ విన్‌స్లో 1621 డిసెంబరులో ఒక మిత్రునికి రాసిన ఉత్తరంలో కొన్ని వాక్యాలు ఉన్నాయి. నలుగురిని పక్షుల వేటకు పంపారనీ, వాంపనోవాగ్ నాయకుడు మసాసోయిట్ సుమారు తొంభైమంది మనుషులతో వచ్చాడనీ, మూడు రోజులు కలసి తిన్నారనీ, ఆ వచ్చినవారు ఐదు జింకలను వేటాడి తెచ్చారనీ అందులో ఉంది. వలసవారు అప్పటికి యాభైమంది చిల్లర. అంటే ఆ పంక్తిలో అతిథులే ఎక్కువ. దానిని కృతజ్ఞతా దినమని విన్‌స్లో ఎక్కడా అనలేదు. ఆయన సంఘం దృష్టిలో అది పంటకోత సంబరం, అంతే. 1841లో అలెగ్జాండర్ యంగ్ అనే మతబోధకుడు ఆ ఉత్తరాన్ని తిరిగి అచ్చువేస్తూ అడుగున వేసిన వివరణలో దానికి మొదటి కృతజ్ఞతా దినమని పేరు పెట్టాడు. పేరు నిలిచిపోయింది.

వారి లెక్కలో నిజమైన కృతజ్ఞతా దినం 1623లో వచ్చింది. ఆ ఏడు మే మూడవ వారం నుండి జూలై నడిమి దాకా చినుకు లేదు. మొక్కజొన్న వాడిపోయింది. నేల బీటలిచ్చింది. రావలసిన ఓడ జాడ లేదు. అప్పుడు వారు ఉపవాస దినం ప్రకటించి ఎనిమిది తొమ్మిది గంటలు ప్రార్థనలో గడిపారని విన్‌స్లో రాశాడు. ఉదయం నిర్మలంగా ఉన్న ఆకాశం వారు విడిపోయే వేళకు మబ్బు పట్టింది. మరునాటి నుండి సన్నని వాన మొదలై రెండు వారాలు కురిసింది. పంట తేరుకుంది. అటుపిమ్మట మరొక రోజును నియమించి కృతజ్ఞతలు చెల్లించారు. ముందు ఖాళీ కడుపు, ఖాళీ చేతులు, ఒప్పుకోలు. తరువాతే స్తుతి. ఆ క్రమం ప్రమాదవశాత్తూ వచ్చినది కాదు. అడుక్కున్నవాడికే అందినదాని విలువ తెలుస్తుందన్నది వారి ఎరుక.

ఇక్కడితో ఆపితే ఇది ఆదివారపు బడిలో పిల్లలకు చెప్పే కథ అవుతుంది. చరిత్ర అక్కడ ఆగలేదు. 1637 మే నెలలో వలస సైనికులు, వారి మిత్రులైన స్థానిక తెగలవారు కలసి మిస్టిక్ నది దగ్గరి పీక్వాట్ గ్రామాన్ని తగలబెట్టారు. స్త్రీలు, పిల్లలు, వృద్ధులు వందల సంఖ్యలో ఆ మంటలలో చనిపోయారు. ఆ యుద్ధం ముగిసిన శరత్కాలంలో మసాచుసెట్స్ సంఘాలు విజయానికి కృతజ్ఞతా దినం ఆచరించాయి. మరి నలభై ఏళ్ళకు మసాసోయిట్ కుమారుడు మెటాకం ఇంగ్లీషువారి మీద యుద్ధానికి దిగాడు. 1676 ఆగస్టులో అతనిని చంపి, తలను ప్లిమత్‌కు తెచ్చారు. అది వచ్చిన రోజు ఆ ఊరు కృతజ్ఞతా దినం ఆచరిస్తోంది. ఆ తలను ఒక గడకు గుచ్చి ఏళ్ళ తరబడి ఊరి మధ్య ఉంచారు. అతని కొడుకును బానిసగా అమ్మివేశారు. తండ్రి ఐదు జింకలతో వచ్చి కూర్చున్న ఊరు అదే.

ఆ యుద్ధ కాలంలో ప్యూరిటన్లు ఉపవాసాలు మానలేదు సుమా. అసలు కష్టం అక్కడే ఉంది. 1675 నవంబరులో మసాచుసెట్స్ శాసనసభ దేవునికి కోపం తెప్పించిన పాపాలివని ఒక జాబితా తయారు చేసింది. అందులో మగవారు జుట్టు పెంచుకోవడం, టోపా జుట్టు ధరించడం, వేషభాషల డంబం, క్వేకర్లను సహించడం వంటివి ఉన్నాయి. వాంపనోవాగుల భూమి అంచెలంచెలుగా చేతులు మారిన తీరు మాత్రం ఆ పాపాలలో లెక్కకు రాలేదు. ఉపవాసం ఉన్నారు, మోకరించారు, కన్నీరు కార్చారు. ఒప్పుకోవలసినది మాత్రం ఒప్పుకోలేదు. జుట్టు గురించి చేసిన పశ్చాత్తాపం వెనుక నేల గురించిన పశ్చాత్తాపం దాగిపోయింది. హృదయాన్ని సిద్ధం చేసుకోవడంలోని ప్రమాదమంతా నాకు ఈ జాబితాలో కనిపిస్తుంది. సులువైన పాపాలను ఒప్పుకొని కష్టమైన దానిని దాటవేయడానికి భక్తి కూడా పనికివస్తుంది.

అయినా ఆ పాత క్రమంలోని మేలు పూర్తిగా నశించలేదు. 1789 నవంబరు 26న జాతి యావత్తు కృతజ్ఞతా దినం ఆచరించాలని ప్రకటించినప్పుడు జార్జి వాషింగ్టన్ జాతి చేసిన అతిక్రమాలకు క్షమాపణ వేడుకోమని కూడా అందులోనే చెప్పాడు. తరువాత ఆ ఆచారం రాష్ట్రాల ఇష్టానికి మిగిలింది. దానిని మళ్ళీ జాతీయం చేసిన ఘనత ఒక స్త్రీది. సారా జొసీఫా హేల్ న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో పుట్టింది. మేరీ, ఆమె వెంట బడికి వెళ్ళిన గొఱ్ఱెపిల్ల గురించి మన పిల్లలు కూడా పాడుకొనే పాటను 1830లో ప్రకటించింది ఈమెయే. 1822లో భర్త పోయేనాటికి ఆమెకు ఐదుగురు పిల్లలు. నాటి నుండి బతికినంత కాలం నల్లని వస్త్రాలే కట్టింది. కలం పట్టి సంసారాన్ని ఈదింది. పేరుపొందిన ఒక మహిళా పత్రికకు సంపాదకురాలై, దేశమంతా ఒకే రోజున కృతజ్ఞతలు చెల్లించాలని గవర్నర్లకు, అధ్యక్షులకు ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసింది. వైధవ్యపు నలుపులో ఉన్న మనిషి కృతజ్ఞత కోసం అంతగా పోరాడడం నాకు వింతగా తోచదు. దుఃఖాన్ని దాచకుండా స్తుతించగలిగినవారి స్తుతికే బరువు ఉంటుంది.

1863 సెప్టెంబరు 28న ఆమె అబ్రహాం లింకన్‌కు ఉత్తరం రాసింది. అక్టోబరు 3న ప్రకటన వెలువడింది. దాని పాఠాన్ని విదేశాంగ మంత్రి విలియం సూవర్డ్ రాశాడంటారు. నవంబరు చివరి గురువారం దేశమంతా కృతజ్ఞతా దినం. కాని ఆ సంవత్సరాన్ని గమనించండి. అంతర్యుద్ధం మూడవ ఏడు. జూలైలో గెటిస్‌బర్గ్ వద్ద మూడు రోజులలో ఇరుపక్షాల నుండి సుమారు యాభైవేలమంది చనిపోవడమో, గాయపడడమో, జాడ తెలియకుండా పోవడమో జరిగింది. అంతకు ముందరి ఏడు లింకన్ తన పదకొండేళ్ళ కొడుకును పోగొట్టుకున్నాడు. ఇంకొక సంగతి చాలామంది మరచిపోతారు. అదే 1863లో, ఏప్రిల్ 30న, లింకన్ దేశమంతటికీ ఉపవాస దినం ప్రకటించాడు. సంపద పెరిగి గర్వించి దేవుణ్ణి మరచామని ఒప్పుకొమ్మన్నాడు. వసంతంలో ఉపవాసం, శరత్తులో కృతజ్ఞత. పాత తోబుట్టువులిద్దరూ ఆ ఏడు మళ్ళీ కలుసుకున్నారు. నవంబరు నాటి ప్రకటన కూడా మేళ్ళను లెక్కించి ఊరుకోలేదు. జాతి వక్రతకు వినయంతో పశ్చాత్తాపపడమనీ, యుద్ధంలో విధవలైనవారిని, అనాథలను, దుఃఖితులను దేవునికి అప్పగించమనీ కోరింది.

తరువాత జరిగిన కథ విచిత్రమైనది. ఉపవాస దినం మెల్లమెల్లగా సెలవు దినంగా మారింది. జనం ఆ రోజున గుడికి పోవడం మాని ఆటలకు పోసాగారు. మసాచుసెట్స్ 1894లో దానిని రద్దుచేసి దేశభక్తుల దినంగా మార్చింది. న్యూ హాంప్‌షైర్ 1991 దాకా పేరుకు మాత్రం నిలుపుకొని ఆ తరువాత వదిలేసింది. ఇక కృతజ్ఞతా దినం మాత్రం పెరిగి పెద్దదయింది. 1939లో నవంబరు చివరి గురువారం 30వ తేదీన పడింది. క్రిస్మస్ కొనుగోళ్ళకు రోజులు చాలవని వర్తకులు మొరపెట్టుకోగా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పండుగను వారం ముందుకు జరిపాడు. కొన్ని రాష్ట్రాలు ఆయనను అనుసరించాయి, కొన్ని పాత తేదీనే పాటించాయి. చివరకు 1941లో నాలుగవ గురువారమని చట్టం చేశారు. ఒకప్పుడు కరువును బట్టి, వానను బట్టి వచ్చిన రోజు ఇప్పుడు అంగడి సౌకర్యాన్ని బట్టి నిలిచింది. ఇద్దరు తోబుట్టువులలో తినేవాడు బతికాడు. కడుపు మాడ్చుకొని తప్పు ఒప్పుకొనేవాడు పోయాడు.

పోయాడని అనుకున్నాను గాని, పూర్తిగా పోలేదు. ఇప్పుడు కోల్స్ హిల్ గుట్టకు తిరిగివద్దాం. 1970లో మేఫ్లవర్ రాకకు 350 ఏళ్ళయిన సందర్భంగా జరిగిన ఉత్సవంలో మాట్లాడడానికి వాంసుట్టా ఫ్రాంక్ జేమ్స్ అనే వాంపనోవాగ్ పెద్దను పిలిచారు. ఆయన రాసుకున్న ప్రసంగంలో సమాధుల దోపిడీ, భూమి పోగొట్టుకోవడం, తమ జాతి పడిన వేదన ఉన్నాయి. నిర్వాహకులు దానిని మార్చమన్నారు. ఆయన మార్చిన మాటలు చదవనన్నాడు. ఆ ఏటి థాంక్స్‌గివింగ్ నాడు ఆయనా, మరికొందరు స్థానిక జాతులవారూ కోల్స్ హిల్ మీద, 1921లో నిలిపిన మసాసోయిట్ విగ్రహం దగ్గర కూడి ఆ రోజును జాతీయ సంతాప దినమన్నారు. నాటి నుండి ఏటేటా ఆ కూడిక జరుగుతూనే ఉంది. అక్కడికి వచ్చేవారిలో చాలామంది ముందురోజు సూర్యాస్తమయం నుండి ఉపవాసం ఉంటారు. మొదటి చలికాలపు మృతులు పడుకున్న గుట్ట మీదనే, ప్యూరిటన్ల మనుమలు పారవేసిన ఉపవాసాన్ని వారి చేతిలో నష్టపోయినవారు ఎత్తుకున్నారు. వారి ఉపవాసానికి అర్థం వేరు, దుఃఖం వేరు. అది నాకు తెలుసు. అయినా ఆ పళ్ళెం ఖాళీగా ఉండడం చూసినప్పుడు, నిండుగా ఉన్న నా పళ్ళెం నన్నేదో అడుగుతున్నట్టుంటుంది.

ఆ ప్రశ్న అమెరికాకు వలస వచ్చిన మా వంటి తెలుగు క్రైస్తవ కుటుంబాలకు కూడా చెందుతుంది. మేము ఆ నేలను ఎవరి నుండీ లాక్కోలేదు. కాని దాని ఫలం తింటున్నాము. తినేవాడు పొలం చరిత్ర తెలుసుకోవాలని పాత నిబంధన ఆనాడే చెప్పింది. ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలో ప్రథమ ఫలాల గంప తెచ్చిన ఇశ్రాయేలీయుడు మొదట పంట గురించి మాట్లాడడు. తన పితరుడు తిరుగుబోతు పరదేశి అనీ, ఐగుప్తులో బానిసత్వం అనుభవించామనీ చెప్పుకొంటాడు. గంపను దించిన తరువాత లేవీయునితో, తన మధ్య ఉన్న పరదేశితో కలసి సంతోషించాలి. జ్ఞాపకం ముందు, సంతోషం తరువాత, ఆ సంతోషంలో పొరుగువాడు తప్పనిసరి. సువార్తలో ప్రభువు దీనినే మరింత గట్టిగా చెప్పాడు. బలిపీఠం దగ్గర కానుక పెట్టబోతుండగా సహోదరునికి తన మీద ఏదో నిష్ఠూరం ఉందని గుర్తుకువస్తే, కానుకను అక్కడే విడిచి ముందు అతనితో సమాధానపడాలట. కృతజ్ఞత ఆగవచ్చు, సమాధానం ఆగరాదు.

మన తెలుగు సంఘాలకు ఈ క్రమం కొత్తది కాదు. కోతకాలపు పండుగ నాడు పల్లెటూరి గుడిలో బల్ల ముందు వరికంకులు, గుమ్మడికాయలు, కోళ్ళు, కొత్తధాన్యం పోగుపడడం, ఆరాధన తరువాత వాటిని వేలం వేయడం మనలో చాలామంది ఎరిగినదే. దానికన్నా నాకు గొప్పగా తోచేది గుప్పెడు బియ్యం. పూట పూటకూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేస్తుంది. వారానికో నెలకో అది గుడికి చేరుతుంది. దోర్నకల్‌లో 1912 నుండి బిషప్‌గా ఉన్న అజరయ్య గారు క్రైస్తవుల దానధర్మం గురించి ఒక పుస్తకమే రాశారు. ఆయన పరిచర్య చేసిన సంఘాలలో అధికులు కూలినాలి చేసుకొనే మాల మాదిగ కుటుంబాలవారు. అటువంటి ఇంట మిగిలినది ఇవ్వడమనే మాటకు తావెక్కడిది? ఆ గుప్పెడు ఆకలిలోంచి తీసినది. అది రోజూ ఉండే చిన్న ఉపవాసం. ప్యూరిటన్లు రెండు వేర్వేరు దినాలుగా పెట్టుకున్నదానిని మన ఇల్లాళ్ళు ఒకే చేతిలో పట్టుకున్నారు.

అమెరికాలో కొన్ని క్రైస్తవ గృహాలలో ఈ పండుగ నాడు ప్రతి పళ్ళెంలో ఐదు మొక్కజొన్న గింజలు పెట్టే ఆచారం ఉంది. ఒక్కొక్క గింజకు ఒక్కొక్క మేలు చెప్పాలి. తొలి వలసవారు కరువులో రోజుకు ఐదు గింజలతో బతికారని దానికొక కథ చెబుతారు. ఆ కాలపువారి రాతలలో ఆ కథ కనబడదు. 1820లో ప్లిమత్ ద్విశతాబ్ది విందులో పళ్ళేల పక్కన ఐదేసి గింజలు పెట్టినప్పటి నుండి అది వ్యాపించింది. మా ఇంట ఆ గింజలు పెడతాము గాని లెక్క కొంచెం మార్చుకున్నాము. బుధవారం రాత్రి అన్నం మానేస్తాము. పిల్లలను బలవంతపెట్టము. దీపం దగ్గర కూర్చొని మొదటి గింజకు పటుక్సెట్ ఊరి కథ చెప్పుకొంటాము. రెండవ గింజకు ఆ ఏడు మేము పోగొట్టుకున్నవారిని తలచుకొంటాము. మూడవ గింజకు ఎవరికి మా మీద నిష్ఠూరం ఉందో పేరు చెప్పి, ఆ రాత్రే వారికి ఫోను చేస్తాము. అన్నిటికన్నా కష్టమైన గింజ అదే. ఇండియాలో అప్పటికి తెల్లవారి ఉంటుంది కనుక వేళ కాదని తప్పించుకొనే వీలు కూడా లేదు. నాలుగవ గింజ మరునాటి బల్లకు ఎవరిని పిలవాలన్నది. ఐదవదానికి మాత్రం స్తోత్రం. ఐదవ గింజ దగ్గరికి వచ్చేసరికి గొంతులో మాట తేలికగా రాదు. వచ్చినది మాత్రం నిజమైనదిగా ఉంటుంది.

పండుగలో విచారం ఎందుకని కొందరు మిత్రులు అడిగారు. విచారం కోసం కాదు. 1623 నాటి ఆ బీటలిచ్చిన నేల వానను తాగినట్టు హృదయం తాగాలంటే ముందు దాని ఎండను అది ఒప్పుకోవాలి. కొత్తపంట గంప మోసుకొచ్చినవాడికి పాత బానిసత్వాన్ని చెప్పుకోమన్న దేవుడు అతని సంతోషాన్ని తగ్గించడానికి ఆ మాట అడగలేదు. గురువారం మధ్యాహ్నం బల్ల చుట్టూ అందరూ కూర్చున్నాక ఎవరైనా ఒకరు ప్రార్థన చెయ్యాలి గదా. ఆ ప్రార్థన చేసే నోటికి బుధవారం రాత్రి కాస్త ఆకలి తెలిసి ఉంటే మంచిదని నా మనవి.